బరువూ, బింకమూ

ఉత్తర కలకత్తాలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక వ్యాయామశాల ఉన్నది. మా చిన్ననాటి వ్యాయామశాలల వంటిది కాదు. గోడల నిండా నిలువుటద్దాలూ, చల్లగాలి యంత్రాలూ, చెవులు గింగురుమనే సంగీతమూ గల నేటి జిమ్. నా మనుమడు వారానికి నాలుగు రోజులు అక్కడికి పోతాడు. పోయిన వర్షాకాలంలో ఒక సాయంకాలం బజారునుంచి వస్తూ నేను వానలో చిక్కుకున్నాను. వీధిలో మోకాలిలోతు నీరు నిలిచింది. ఇల్లు చేరే దారి లేక ఒక గంటసేపు నేనూ ఆ జిమ్‌లో ఒక మూల బల్లమీద కూర్చోవలసి వచ్చింది.

ఆ గంటలో నా కళ్లు ఒక యువకుని మీదనే ఉన్నవి. అతడు నేలమీది ఇనుప బారుకు రెండువైపులా ప్లేట్లు తగిలించాడు. అరచేతులకు సుద్దపొడి రాచుకున్నాడు. స్నేహితుడొకడు అతని వీపుమీద చరిచాడు. మరొకడు ఫోను చేతబట్టుకొని బొమ్మ తీయడానికి సిద్ధమైనాడు. అప్పుడతడు ఒక పెద్ద కేక పెట్టి బారును పైకి లాగాడు. అది మోకాళ్లదాకా వచ్చి ఆగిపోయింది. వీపు విల్లులాగా వంగింది. తొడలు గడగడ వణికినవి. మెడమీది నరాలు తాళ్లలాగా ఉబ్బినవి. “వదలకు! వదలకు!” అని చుట్టూ చేరినవారు అరుస్తున్నారు. చివరకు ఎట్లాగో నిటారుగా నిలిచి, బారును ధడాలున నేలమీద పడవేశాడు. అతని ముక్కునుంచి ఒక రక్తపు బొట్టు జారింది. దానిని వేలితో తుడిచి, ఆ వేలును ఫోనుకు చూపించి నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. కాని నా రెండు చేతులూ కొట్టబోయి ఆగినవని మాత్రం ఒప్పుకోవాలి.

ఆనాటినుంచి నన్నొక ప్రశ్న పట్టుకున్నది. బారు మోకాళ్లవద్ద ఆగినప్పుడు ఆ యువకుని శరీరం “ఇక చాలు” అన్నది. “చాలదు” అని మరెవరో అన్నారు. ఎవరు వారు? అతనిలోని సంకల్పమా, చుట్టూ ఉన్నవారి కేకలా, రేపు ఆ బొమ్మను చూడబోయే ముక్కూమొగమూ తెలియని జనమా? ఎవరైనా సరే, శరీరానికి అట్లా ఎదురు చెప్పే హక్కు వారికి ఎక్కడినుంచి వచ్చింది? ఆ ఎదురు చెప్పడాన్ని ధైర్యమనాలా, బింకమనాలా?

మన దేశంలో దీనికి పాత సమాధానమొకటి ఉన్నది. శరీరం రథమనీ, ఇంద్రియాలు గుర్రాలనీ, బుద్ధి సారథి అనీ కఠోపనిషత్తు ఒక ఉపమానం చెప్పింది. ఎక్కడికి పోవాలో రథాన్ని అడిగేవారెవరు? ఈ ఉపమానం ఎంత గొప్పదైనా, బరువెత్తేవాని విషయంలో అది చాలినట్లు నాకు తోచదు. రథానికి నొప్పి లేదు. తన మేలుకొరకు అది సారథితో వాదించదు. శరీరం వాదిస్తుంది, విరగడానికి చాలా ముందునుంచే వాదిస్తుంది. దాని వాదమేమిటో మొదట వినడం న్యాయం.

గొప్ప బరువు ఎత్తబోయే మనిషి మొట్టమొదట ఊపిరి బిగపడతాడు. దీనిని ఎవరూ నేర్పనక్కరలేదు. నిండు బిందెను చంకకెత్తుకొనే ఇల్లాలు కూడా క్షణకాలం ఈ పనే చేస్తుంది. కంఠద్వారం మూసుకుంటుంది. పొట్టకండరాలు బిగుస్తవి. రొమ్ములోనూ కడుపులోనూ ఒత్తిడి పెరిగి, వెన్నెముకకు లోపలినుంచి ఒక స్తంభంలాగా ఊతమిస్తుంది. అద్భుతమైన ఏర్పాటే. కాని దాని భారం రక్తనాళాలమీద పడుతుంది. 1985లో కెనడాలో కొందరు శాస్త్రజ్ఞులు కండలు తిరిగిన ఐదుగురు వ్యాయామపరుల చేతి ధమనిలో సన్నని గొట్టం అమర్చి, వారు బరువులెత్తుతూ తోస్తూ ఉండగా రక్తపు పోటును కొలిచారు. మామూలుగా 120, 80 ఉండవలసిన అంకెలు, రెండు కాళ్లతో గొప్ప బరువును తోసేటప్పుడు సగటున 320, 250 అయినవి. ఒకనిలో 480, 350 దాటినవి. ఇది కొన్ని క్షణాల మాట. బరువు దించగానే పోటు దిగిపోతుంది. ఆరోగ్యవంతుని ధమనులు సాధారణంగా దానిని ఓర్చుకుంటవి. ముక్కులోని సన్ననాళమో, కంటి తెల్లగుడ్డుమీది నాళమో ఒక్కొక్కప్పుడు ఓర్చుకోదు. ఎడ్డీ హాల్ అనే ఆంగ్ల బలశాలి 2016లో లీడ్స్ నగరంలో నేలమీదినుంచి 500 కిలోలు ఎత్తి నిలిచాడు. అంతవరకు పోటీలో ఎవరూ ఎత్తని బరువు అది. దించిన వెంటనే ముక్కునుంచి రక్తం కారుతూ కుప్పకూలాడు.

ఊపిరి బిగపట్టడం యోగి కూడా చేస్తాడు; దానిని కుంభకం అంటాము. ఈ రెంటినీ ఒకటి చేసి చూపించినవారు మన దేశంలో లేకపోలేదు. ఆంధ్రదేశంనుంచి బయలుదేరిన కోడి రామమూర్తినాయుడు గారు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో తన సర్కసుతో దేశమంతా తిరిగి, రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచేవారు. రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనేవారు. కలియుగ భీముడని ఆయనకు పేరు. ఆ ఊపిరి వెనుక ఎన్ని ఏండ్ల ప్రాణాయామ సాధన ఉన్నదో డేరాలో చప్పట్లు కొట్టినవారికి కనబడి ఉండదు. కనబడింది గొలుసు మాత్రమే. నేటి కుర్రవాడికీ గొలుసు ఒక్కటే కనబడుతున్నదేమో అని నా అనుమానం.

శరీరం చెప్పే రెండవ మాట మరునాడు వినబడుతుంది. మెట్లు దిగబోతే తొడలు పట్టివేస్తవి. తల దువ్వుకోబోతే చేయి లేవదు. కండరంలో పేరుకొన్న ఆమ్లమే దీనికి కారణమని మా చిన్నప్పుడు చెప్పేవారు. ఇప్పటికీ చాలామంది అదే చెబుతారు. కాని ఆ ఆమ్లం ఒకటి రెండు గంటలలోనే రక్తంలో కలిసి కరిగిపోతుంది. నొప్పి ఒకటి రెండు రోజుల తరువాత గాని శిఖరానికి చేరదు. కండరపు పోగులలో సూక్ష్మమైన చీలికలే కారణమై ఉంటవని 1902లోనే థియొడోర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఊహించాడు. తరువాతి పరిశోధన ఆ ఊహవైపే ఎక్కువగా మొగ్గింది. ఇందులో ఒక విశేషమున్నది. ఈ చీలికలు ఎక్కువగా బరువును పైకెత్తేటప్పుడు కలుగవు. ఎత్తినదానిని మెల్లగా దించేటప్పుడు, సాగుతూనే బిగిసి ఉండవలసిన కండరంలో కలుగుతవి. చప్పట్లన్నీ ఎత్తడానికి, గాయమంతా దించడానికి!

శరీరం వీటిని మరమ్మతు చేసుకొని, మునుపటికంటె గట్టిపడుతుంది. వ్యాయామమంటే అంతే. కాని మరమ్మతుకు వ్యవధి ఇవ్వక, ఒకేనాడు హద్దు మీరి చీల్చుకుంటే, చితికిన కండరంనుంచి వెలువడే పదార్థం మూత్రాన్ని తేనీటి రంగుకు తిప్పుతుంది. మూత్రపిండాలను కూడా చెడగొట్టవచ్చు. ఆసుపత్రికి పరుగెత్తవలసిన లక్షణమది. అటువంటి దానిని కూడా తన మగతనానికి సాక్ష్యంగా చెప్పుకొనేవారున్నారు. వాంతి అయినదని, కళ్లు బైర్లు కమ్మినవని, మూడు రోజులు కుర్చీలోనుంచి లేవలేకపోయానని జిమ్‌లో ఒకరితో ఒకరు చెప్పుకుంటుంటే, పూర్వం రాజులు తమ శరీరాలమీది గాయాలను లెక్కపెట్టి చూపించుకొన్న తీరు జ్ఞాపకం వస్తుంది. రాజులకైనా ఎదుట శత్రువు ఉండేవాడు.

ఇంతవరకు నేను శరీరం పక్షాన మాటలాడాను. కాని శరీరం ఎల్లప్పుడూ నిజమే చెబుతుందా? చెప్పదు. ఇక్కడనే చిక్కు ఉన్నది.

కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినవాడు మొదటి వారాలలో త్వరత్వరగా బలవంతుడవుతాడు. ఆ కొద్ది రోజులలో అతని కండలు పెద్దగా పెరగవు. ఉన్న కండను మరింతగా పనిలోకి దింపడం నాడులు నేర్చుకుంటవి. అనగా, అంతకుముందు శరీరం తనవద్ద ఉన్నదంతా ఇవ్వలేదు, కొంత దాచుకున్నది. 1961లో ఇకాయ్, స్టైన్‌హౌస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మనిషి తన బలమంతా పెట్టి లాగబోయే ముందు హఠాత్తుగా తుపాకి పేల్చితే అతడు మునుపటికంటె ఎక్కువ బలంతో లాగాడు. తానే గట్టిగా కేక పెట్టినా అట్లాగే జరిగింది. కనుక జిమ్‌లోని ఆ కేక వట్టి డంబమని తోసివేయడానికి వీలులేదు. కేకకు బలమున్నది. శరీరపు “చాలు”లో కొంత పిరికితనం, కొంత లోభం ఉన్నవి. దానిని ఎదిరించక ఎవరూ ఏ సాధనలోనూ ఒక్క అడుగు ముందుకు వేయలేదు. వీణ నేర్చుకొనేవాని వేళ్లు కూడా మొదట “చాలు” అనే అంటవి.

అయితే భయంతో పలికే “చాలు” ఏది, హద్దు చేరి పలికే “చాలు” ఏది? రెంటి గొంతూ ఒకటే. ఏండ్ల తరబడి వింటే గాని తేడా తెలియదు. విన్నదానిని నిజాయితీగా లెక్క వ్రాసుకుంటే గాని తెలియదు. ఈ మాట అనడానికి నాకొక అర్హత ఉన్నది. నేను ఆ లెక్క తప్పుగా వ్రాసినవాణ్ణి.

1970లో నాకు పందొమ్మిదేండ్లు. కళాశాల వదలగానే ఒక వ్యాయామశాలకు పోయేవాణ్ణి. రేకుల కప్పు, తుప్పుపట్టిన ప్లేట్లు, ఒక హనుమంతుని పటం, ఒకే ఒక మంచి బారు. ఆ రోజులలో పోటీలలో ప్రెస్ అనే ఎత్తుడు ఇంకా ఉండేది. బారును మొదట మెడకిందికి తెచ్చుకొని, అక్కడనుంచి కాళ్ల ఊపు లేకుండా చేతులతో తలపైకి నెట్టాలి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత దానిని తీసివేశారు. వీపును వెనక్కు వంచి మోసంగా నెట్టేవారు ఎక్కువైనారు. ఏది న్యాయమైన ఎత్తుడో తేల్చడం న్యాయనిర్ణేతలకు కష్టమైంది. నేను 70 కిలోలు ఎత్తగలిగేవాణ్ణి. నాతోడివాడొకడు 75 ఎత్తాడు. ఆ సాయంకాలం పదిమంది ఎదుట “నేను 80 ఎత్తుతాను” అన్నాను. ఎవరూ అడగలేదు. నోటినుంచి వచ్చిన మాట తప్ప నన్ను నెట్టింది మరేదీ లేదు.

బారు మెడకిందికి వచ్చింది. జత్రుకలమీద, అనగా మెడకూ భుజాలకూ నడుమనున్న ఎముకలమీద, కంఠానికి ఆనుకొని నిలిచింది. ఊపిరి బిగించి ఉన్నాను. చెవులలో హోరు మొదలైంది. ఎదురుగా ఉన్న హనుమంతుని పటం అంచులనుంచి నల్లబడుతూ, నడుమ చిన్న నాణెమంత మిగిలింది. అప్పుడు నేను బారును ముందుకు వదిలివేయవచ్చును. ఆ సంగతి నాకు తెలుసు. నేటికీ ఆ క్షణం స్పష్టంగా జ్ఞాపకమున్నది. వదలలేదు. ఊపిరి అంతసేపు బిగిస్తే రొమ్ములోని ఒత్తిడివలన గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, మెదడుకు చాలదని తరువాత చదివి తెలుసుకున్నాను. తెలివి వచ్చేసరికి నేలమీద ఉన్నాను. ఎడమ జత్రుక విరిగింది. నా నోటినుంచి వెలువడిన మొదటి మాట “ఎత్తానా?”

ఇంతవరకు ఇది వట్టి అవివేకం, పందొమ్మిదేండ్లవానికి క్షమించదగినదే. తరువాతిది కాదు. మా గురువు, మాస్టర్‌మశాయ్ అని అందరమూ పిలిచే పెద్దమనిషి, ఏమి జరిగిందని అడిగారు. స్పృహ తప్పిందని చెప్పడానికి నాకు సిగ్గయింది. “బారు తడిగా ఉన్నది, చెయ్యి జారింది” అన్నాను. అక్కడ బారు తుడిచి, సుద్దపొడి అందించి, ప్లేట్లు సర్దే కుర్రవాడొకడు ఉండేవాడు. పదమూడు పధ్నాలుగేండ్లుండవచ్చు. నెలకు కొద్ది రూపాయలూ, ఒక పూట తిండీ. “నేను తుడిచాను బాబూ, నిజంగా తుడిచాను” అన్నాడు. నావైపే చూస్తూ అన్నాడు. నేను భుజం నొప్పి నెపంతో కళ్లు మూసుకున్నాను. మరునాటినుంచి అతడు రాలేదు. రావద్దన్నారని తరువాత విన్నాను. కట్టు విప్పిన తరువాత నా వ్యాయామపు పుస్తకంలో ఆ తేదీకి ఎదురుగా “80 – చెయ్యి జారింది” అని వ్రాసుకున్నాను. నా పుస్తకంలో కూడా! చదివేవారు మరెవరూ లేని పుస్తకంలో!

ఆ వ్రాతవలన ఒక విచిత్రమైన నష్టం కలిగింది. 80 కిలోలు నా శక్తికి మించినదో కాదో నాకు ఈనాటివరకు తెలియదు. చెయ్యి జారిన ఎత్తుడు ఓటమి కాదు గదా. ఎముక అతుకుకున్న తరువాత ఒక ఏడాది పాటు ఆ బరువు జోలికి పోలేదు. భయమని అనుకోలేదు, తీరిక లేదని అనుకున్నాను. పిమ్మట మానివేశాను.

ఈ బింకం ఎక్కడనుంచి వచ్చిందని ఆలోచిస్తే, అది నా ఒక్కని సొత్తు కాదని తోస్తుంది. మా వంగదేశీయులకు దాని వెనుక ఒక శతాబ్దపు అవమానమున్నది. 1841లో మెకాలే వారన్ హేస్టింగ్స్‌ను గురించి వ్రాసిన వ్యాసంలో, బెంగాలీల శరీరం దుర్బలమనీ, దాసులుగా ఉండడానికే తగినవారనీ ధ్వనించే మాటలు వ్రాశాడు. ఆ మాటలు తరతరాల విద్యార్థులు చదివారు. చదివి నలిగిపోయారు. కొందరు లేచి సాముగరిడీలకు పోయారు. తరువాత వివేకానందుడైన నరేంద్రుడు యౌవనంలో అంబికాచరణ్ గుహ గారి గరిడీలో కుస్తీ నేర్చుకున్నాడు. రవీంద్రుని మేనకోడలు సరళాదేవి ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏండ్లలో యువకులకు కర్రసాము, కత్తిసాము నేర్పించే ఏర్పాట్లు చేసింది. 1902లో కలకత్తాలో వెలసిన అనుశీలన సమితి మొదట వ్యాయామ సంఘంగానే వెలసింది. అంబికాచరణ్ గారి మనుమడు గోబర్ గుహ 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడ్ శాంటెల్ అనే మల్లుని ఓడించాడు. నాలుగడుగుల పదకొండంగుళాల మనోహర్ ఆయిచ్, తెల్లదొర అయిన పై అధికారిని చెంపదెబ్బ కొట్టి జైలుకు పోయి, అక్కడ దేహసాధన చేసి, 1952లో పొట్టివారి విభాగంలో మిస్టర్ యూనివర్స్ అయినాడు. 2016లో కన్నుమూసేనాటికి ఆయన నూరేండ్లు దాటి మరి నాలుగేండ్లు జీవించాడు. వీరిని గురించి వింటూ పెరిగిన వాణ్ణి నేను. ఇది బింకమేనా? అవమానితుడు వీపు నిటారు చేసి నిలవడాన్ని బింకమనడానికి నాకు నోరు రాదు.

కాని అవమానానికి జవాబుగా పెరిగిన బలానికి ఒక రోగం పట్టుకుంటుంది. దానికి చూచేవారు కావాలి. చూచేవారు లేనప్పుడు కథలు కావాలి. బరోడా మ్యూజియంలో ఒక రాయి ఉన్నది. 1902లో గామా పహిల్వాన్ దానిని ఎత్తాడనీ, దాని బరువు 1200 కిలోలనీ చెబుతారు. గామా వంటి మల్లుడు ఈ ఉపఖండంలో మరొకడు పుట్టలేదని నేను నమ్ముతాను. అయినా 500 కిలోలకే నెత్తురు కక్కుకుంటూ కూలిన మనిషిని చూచిన తరువాత, 1200 కిలోల మాట ఎట్లా నమ్మడం? రాయిని కొంత కదిలించి ఉంటాడు. లేదా ఒక అంచు లేపి ఉంటాడు. అది సామాన్యమా? ఆయన కీర్తికి ఆ 1200 అవసరమే లేదు. ఆ అంకె ఆయనకు కాదు, మనకు కావలసి వచ్చింది. దేశభక్తి కూడా ఒక్కొక్కప్పుడు నా వ్యాయామపు పుస్తకం వంటి పుస్తకంలో లెక్కలు వ్రాస్తుంది.

చూచేవారి బలమెంతటిదో బుద్ధుని కథలో కనబడుతుంది. సిద్ధార్థుడు ఆరేండ్లు కఠోర తపస్సు చేశాడు. ఆహారం మానడమే కాదు. ఊపిరి బిగపట్టి కూర్చునేవాడనీ, చెవులలో హోరు, తలలో దుర్భరమైన పోటు కలిగేవనీ పాలి గ్రంథాలు వర్ణిస్తవి. ఆ హోరు నాకు తెలుసుననుకుంటాను, పోలిక అంతవరకే. ఆయన చుట్టూ ఐదుగురు సహచరులు. ఆయన ఎంతగా కృశిస్తే వారికి అంత గౌరవం. ఒకనాడు ఆయన ఇది మార్గం కాదని గ్రహించి అన్నం తిన్నాడు. వెంటనే ఆ ఐదుగురూ, ఇతడు సుఖానికి లొంగిపోయాడని అసహ్యించుకొని విడిచిపోయారు. తపస్సు చేయడం కష్టమే. ఐదుగురు చూస్తుండగా మానడం ఎంత కష్టమో ఆలోచించండి. అయితే ఆయన మొదటినాడే మానలేదు, ఆరేండ్ల తరువాత మానాడు. నేను మొదటినాడే “ఇది మార్గం కాదు” అని ఉంటే అది వట్టి బద్ధకం అయి ఉండేది.

మా నగరంలో చూచేవారెవరూ లేకుండా బరువులు మోసేవారు వేలకొలది ఉన్నారు. బడాబజారు సందులలో తలమీద మూటలతో పరుగువంటి నడకతో పోయే ముటియాలను చూడని కలకత్తావాసి లేడు. ఒకనాడు నేనొక ముటియా పనిని అరగంట సేపు నిలబడి చూచాను. లారీనుంచి మూటలు దింపుతున్నారు. ఒక మూట ముందుకు వచ్చింది. అతడు దానిని చేతితో తట్టి చూచి, ఒక అంచు లేపి, వదిలి, “ఇంకొక చెయ్యి” అని పిలిచాడు. మరొకడు వచ్చాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. ఎవరూ నవ్వలేదు. అతని ముఖంలో ఓటమి ఛాయ అయినా లేదు. రేపు మళ్లీ పనికి రావాలి, ఇంటివద్ద తినేవారున్నారు, వెన్నెముక ఒక్కటే అతని ఆస్తి. దానిమీద పందెం కాయడానికి అతనికి వీలులేదు.

ముటియా జీవితాన్ని నేను కావ్యంగా మార్చదలచలేదు. అతడు ఆ బరువును కోరి ఎత్తడం లేదు. హాని కలిగించే బరువును కార్మికునిచేత మోయించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. ఒక మగ కార్మికుడు 55 కిలోలకు మించి మోయరాదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. వీధిలో ఈ అంకెలు ఎవరి చెవికీ ఎక్కవు. డబ్బిచ్చి బరువెత్తే యువకుడూ, డబ్బుకొరకు బరువెత్తే ముటియా ఒకే నగరంలో, ఒకే వీధికి రెండు చివరల ఉన్నారు. మొదటివానికి స్వేచ్ఛ ఉన్నది గనుక అతని శ్రమ గౌరవనీయమనీ, రెండవవానిది నిర్బంధమనీ మనం అంటాము. నిజమే. కాని “ఇంకొక చెయ్యి” అని పిలవగల స్వేచ్ఛ ఇద్దరిలో ఎవరికున్నదో చూచిన తరువాత, ఆ మాట అంత ధీమాగా అనలేకపోతున్నాను.

ఇదంతా విని, అయితే బరువులెత్తే క్రీడనే తప్పుబడుతున్నారా అని ఎవరైనా అడగవచ్చు. లేదు, క్రీడా నియమాలను చూస్తే నాకు ఎంతో తృప్తి కలుగుతుంది. పోటీలో ఒక్కొక్క పద్ధతికి మూడు ప్రయత్నాలుంటవి. ముగ్గురు నిర్ణేతలు తెల్లదీపమో ఎర్రదీపమో వెలిగిస్తారు. తలపైకి ఎత్తిన బారును, సంకేతం వచ్చేవరకు కదలక నిలిపి, ఆ తరువాత చేతులతో పట్టుకొనే దించాలి. ఓటమికి అక్కడ ముందే చోటు కేటాయించి ఉన్నది. అంకె పక్కన అది అచ్చవుతుంది. ఎవరూ దానిని మార్చలేరు.

మహిళల బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో మొదటిసారి జరిగింది 2000లో, సిడ్నీలో. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం పొందింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె. బంగారు పతకంకొరకు ఆమె చివరి ప్రయత్నం 137.5 కిలోలకు. అది విఫలమైంది. ఆ విఫలమైన ఎత్తుడును నేను బింకమనను. ముందటి బరువు నిజంగా ఎత్తి, తరువాతిదానిని లెక్కగట్టి అడిగింది, బారు కాదన్నది.

మణిపూర్‌కు చెందిన మీరాబాయి చానూ 2016లో రియోలో రెండవ పద్ధతిలో మూడు ప్రయత్నాలూ విఫలమై, మొత్తమే లేకుండా పోటీనుంచి వెనుదిరిగింది. ఆమె పేరు పక్కన అంకె లేదు. ప్రపంచమంతా చూచింది. మరుసటి ఏడాది, 2017లో, ఆమె 194 కిలోలెత్తి ప్రపంచ విజేత అయింది. 2021లో టోక్యోలో 202 కిలోలతో రజతం. 2024లో పారిస్‌లో 199 కిలోలు. ఒక్క కిలో తక్కువై నాలుగవ స్థానం. ఈ అంకెల వరుసను నేను ఒక కాగితంమీద వ్రాసుకొని చాలాసేపు చూచాను. రియో వద్ద ఖాళీ ఉన్నది గనుకనే మిగిలిన అంకెలన్నింటినీ నమ్మబుద్ధి అవుతున్నది. ఆ ఖాళీలో ఆమె ఏమి విన్నదో, ఏ “చాలు”ను ఒప్పుకొని ఏ “చాలు”ను తోసివేసిందో ఆమెకే తెలియాలి. కాని విన్నదానిని మరొకరిమీదికి నెట్టి ఉంటే, 194 వచ్చి ఉండేది కాదని నాకు అనిపిస్తుంది.

ఆ వర్షపు సాయంకాలం నీరు కొంత తీసిన తరువాత, నేనూ మా మనుమడూ ఇంటికి బయలుదేరాము. ఆ యువకుడెత్తినంత బరువు తాను ఎత్తలేననీ, మూడుసార్లు ప్రయత్నించి మానుకున్నాననీ దారిలో అతడు మామూలుగా చెప్పాడు. ఎవరైనా నవ్వారా అని అడిగాను. “నవ్వారు” అన్నాడు. ఇంటికి వచ్చి తడిసిన చొక్కా విప్పుతుంటే, నా ఎడమవైపు గూనిలాగా అతుకుకున్న ఎముకను చూచి, “దాదూ, అది ఎట్లా విరిగింది?” అన్నాడు. ఎన్నోసార్లు చూచినదే, ఎందుకో ఆనాడు అడిగాడు.

“బరువెత్తుతుంటే చెయ్యి జారింది” అన్నాను. యాభై ఏండ్లకు పైగా అనేమాటే గనుక నాలుకమీదికి దానంతట అదే వచ్చింది. తువ్వాలు తీసుకొని తల తుడుచుకున్నాను. తరువాత అతణ్ణి కూర్చోమని, జరిగినదంతా ఉన్నదున్నట్లు చెప్పాను. హనుమంతుని పటం నల్లబడడం, తడి బారు, నేను కళ్లు మూసుకోవడం. అతడు మధ్యలో ఒక్క మాట కూడా మాటలాడలేదు. అంతా విని కొంతసేపు ఊరుకొని, “ఆ అబ్బాయి పేరేమిటి, దాదూ?” అని అడిగాడు.

నేను చెప్పలేకపోయాను. అతడు అక్కడ ఏడాదిన్నర పనిచేశాడు. మేమందరమూ అతణ్ణి “ఒరే” అనే పిలిచేవాళ్లం.